ఖాళీ వదలని గడి

కోపంలో ఉన్నంతసేపూ నేను మంచివాణ్ణేనని నాకెందుకు అనిపిస్తుంది?

గూడూరు నుంచి వచ్చిన ప్యాసింజరు దిగి, తిరుపతిలో మా ఆఫీసు మెట్లెక్కుతూ ఈ ప్రశ్న వేసుకున్నాను. జవాబు కోసం ఆగలేదు. ఆగితే కోపం తగ్గుతుందని తెలుసు. అది తగ్గడం నాకు ఇష్టం లేదు.

పోయిన వారం సంచికలో నా కథ గూడూరు నిమ్మకాయల మండీలో మోగిన ఒక ఫోను దగ్గర ఆగింది. ఆ ఫోను చేసినది పంకజాక్షి. బంగారుపాళ్యంలో హైవే పక్కన ఎస్టీడీ, జెరాక్సు అంగడి నడిపే మనిషి, మా చందాదారు. ఆమె చెప్పినది మూడు మాటలు. "కాటా ఎవరో తెలిసిపోయింది సార్. మంగళవారం అంగడికి తాళం ఏసినారు. నాయన ట్రాక్టరు ఐదు దినాలుగా ఫ్యాక్టరీ గేటు కాడే నిలిచి ఉండాది." తరువాత లైను తెగిపోయింది.

‘కాటా’ ఆమె మారుపేరు.

అది 2000వ సంవత్సరం, జూలై నెల. మా ‘సంధాన’ అప్పటికి ఏడాది వయసున్న ఇంటర్నెట్ సంస్థ. భాగస్వాములం ఇద్దరం. చిత్తూరు కళాశాలలో పదకొండేళ్లు తర్కశాస్త్రం బోధించి రాజీనామా చేసిన గిరిప్రసాద్ అనే నేను ఒకణ్ణి. నగరిలో మరమగ్గాల ఇంట పుట్టి, తిరుపతిలో సగం వీధులకు కేబుల్ టీవీ ఇచ్చిన కుప్పయ్య రెండోవాడు. మా సర్వర్‌లో ‘చిత్తూరు మామిడి’ అని ఒక న్యూస్‌గ్రూపు ఉండేది. న్యూస్‌గ్రూపు అంటే అందరికీ కలిపి ఒకే గోడ. ఒకరు అతికించినది చేరినవాళ్లందరూ చదువుతారు, బదులు రాస్తారు. అసలు పేరు అక్కరలేదు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవారు.

ఆ గోడ మీద కాటా ప్రతి సాయంత్రం ఒక ఉత్తరం పెట్టేది. ఏ గుజ్జు ఫ్యాక్టరీ ముందు ఎన్ని ట్రాక్టర్లు ఆగాయి, కాయ బాగాలేదని ఎంత తరుగు తీశారు, బయటి వేబ్రిడ్జి చూపిన తూకానికీ ఫ్యాక్టరీ లోపలి తూకానికీ తేడా ఎంత. రైతులు జెరాక్సు కోసం తెచ్చిన చీటీలు చూసి, వారి పేర్లు దాచి రాసేది. ఆ సీజనులో బెంగళూరా మామిడికాయ కోసేముందు రైతులు ఎవరో ఒకరి చేత ఆ ఉత్తరం చదివించుకునేవారు.

కాటా ఎవరో తెలిసినవాళ్లం ఇద్దరమే. నేను చెప్పలేదు.

కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని ఊహించవచ్చు. పదకొండేళ్లు నేను నేర్పిన మొదటి పాఠం ఇదే. ఇప్పుడు నాకు పొగ కనిపించింది. నేను గూడూరు వెళ్లిన శుక్రవారం నాడే ఫ్యాక్టరీ మేనేజరు ఓబయ్య మా ఆఫీసుకు వచ్చాడని కింది అంతస్తు వాచ్‌మన్ చెప్పాడు. శనివారం ట్రాక్టరు ఆగింది. మంగళవారం అంగడికి తాళం పడింది. ఈ రోజు గురువారం.

కుప్పయ్య మోడెముల అర పక్కన కూర్చుని పొంగలి తింటున్నాడు.

"ఎంతకు అమ్మినావు?" అన్నాను.

"ఏంది?"

"పంకజాక్షి పేరు."

అతను నమలడం ఆపలేదు. "రైలు దిగి వచ్చిన మొగం. కాళ్లు కడుక్కోని, రొంత నీళ్లు తాగి, ఆపైన తిట్టు అయ్యవారూ. పొంగలి ఉండాది."

"శుక్రవారం ఓబయ్య వచ్చినాడా లేదా?"

"వచ్చినాడు."

"తలుపేసుకోని మాట్లాడినారా లేదా?"

"ఏసీ గది అబ్బా ఇది. తలుపు తెరిచి పెడితే మిషన్లు కాలిపోతాయని చెప్పింది నువ్వే."

"తెల్లారేసరికి ఆమె నాయన ట్రాక్టరు ఎందుకు ఆగింది మరి? గేటు కాడ కాయ కుళ్లిపోతా ఉంటే నువ్వు ఈడ కూర్చోని పొంగలి తింటా ఉండావు. గొంతు ఎట్ల దిగతా ఉండాది నీకు?"

"మిరియాలు తక్కువైనాయి. లేకుంటే బాగానే దిగతా ఉండె."

గోడ మీద నేను జిగురుతో అతికించిన కాగితం ఒకటి ఉండేది. సంస్థ మొదలుపెట్టిన రోజున రాసినది. చందాదారుకు న్యూస్‌గ్రూపు తలుపు తీసి చూపడంతో మన పని అయిపోదు, అక్కడ మొదలవుతుంది అన్నది దాని మొదటి వాక్యం. రాసిన ఉత్తరం ముక్క పోకుండా చేరాలి. మొదటి కోత నుంచి ఆఖరి లోడు దాకా సీజనంతా చెరగకుండా నిలవాలి. చెత్త ప్రకటనలను మనమే ఏరి పారవెయ్యాలి. ఫోను చేసినవారికి తెలుగులో మాట్లాడే మనిషి పలకాలి. అన్నిటికంటె ముఖ్యంగా, పేరు దాచమన్నవారి పేరు దాగి ఉండాలి. ఆ చివరి వాక్యం కింద గీత కూడా గీశాను.

కాగితాన్ని గోడ నుంచి ఊడబెరికి అతని ముందు బల్ల మీద కొట్టాను.

"చివరి మాట చదువు."

"నూరు తూర్లు చదివినా." కుప్పయ్య గొంతు మారింది. "మనం చేసేది యాపారమా, మఠమా? పదేండ్లు కేబుల్ ఇచ్చినా నేను. తీగ లాగినా, బొమ్మ వచ్చింది, అయిపోయింది. సీరియల్ చూసి ఏడ్చేవాళ్లకు కండ్లు తుడిచే గుడ్డ గూడా నేనే ఇయ్యల్నా? ఉత్తరాలు నెలకు మించి ఎవరూ ఉంచరు, తుడిచేద్దాం అంటే, సీజనంతా ఉండల్ల అని డిస్కు మీద డిస్కు కొనిపిస్తివి. కాదంటినా? ఎవరో ముసిలాయన మీట యాడుందో తెలీక ఫోను చేస్తే, ముప్పావు గంట నేనే మాట్లాడితిని. కాదంటినా?"

"డిస్కులు కొని మనిషిని అమ్మేసినావు. అదే గదా యాపారం?"

కుప్పయ్య పొంగలి ఆకును మడిచాడు. చేయి కడుక్కోవడానికి లేవలేదు.

"సుమ్మా నోరు పారేసుకోవద్దు గిరీ."

ఏడాదిలో అతను నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఎడమ చేత్తో సొరుగు లాగి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, నా కాగితం మీద పడేశాడు.

"ఓబయ్య పేరు అడగను రాలే. పేరు చేత పట్టుకోనొచ్చినాడు. సూడు."

అది కాటా జూన్ ఇరవై ఎనిమిదిన రాసిన ఉత్తరానికి అచ్చు ప్రతి. న్యూస్‌గ్రూపులో ప్రతి ఉత్తరానికీ ఒక కవరు వంటిది ఉంటుంది. ఎవరు పంపారు, ఏ తేదీన, ఏ దారిన వచ్చింది అన్న వరుసలన్నీ దాని మీద ఉంటాయి. చదివేవారికి మామూలుగా లోపలి మ్యాటరు మాత్రమే కనిపిస్తుంది. ఒక మీట నొక్కితే కవరు కూడా కనిపిస్తుంది. ఓబయ్య తెచ్చిన ప్రతిలో కవరు మొత్తం ఉంది. పంపినవారు: కాటా. దానికి నాలుగు వరుసల కింద, ఎర్ర పెన్సిలుతో చుట్టు చుట్టిన వరుస.

సంస్థ: కేరాఫ్ మునిరత్నం, ఎస్టీడీ, బంగారుపాళ్యం.

"వాళ్లు బెంగళూరులో వేరే కంపెనీ లైను తీసుకున్నారంట. మన గుంపు ఆడికి గూడా పోతాది గదా, నువ్వే కలిపితివి. ఆడెవరో ఒగ మీట నొక్కి సూపించినారంట. ముప్పై ఎనిమిది ఉత్తరాలు. అన్నిట్లో ఇదే ఉండాది." కుప్పయ్య నా కళ్లలోకి చూశాడు. "ఆ గడి ఎవరు నింపించినారో ఇప్పుడు చెప్పు."

నింపించినది నేనే.

మార్చి నెలలో చిత్తూరు బస్సు దిగి ఆమె అంగడికి వెళ్లాను. కంప్యూటరులో ఉత్తరాలు రాసే ప్రోగ్రాం ఎక్కించాను. మొదటి గడి, పేరు. "నా పేరు బయటికి రాదు గదా సార్? ఈ అంగడి గది ఫ్యాక్టరీకి కాయ తోలే ఏజెంటుది" అని ఆమె అడిగింది. మా తాత పశువుల సంతలో బేరగాడు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లతోనే ధర చెప్పుకుంటారు. చుట్టూ సంతంతా నిలబడి ఉన్నా ధర ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఆమెకు చెప్పి, "ఆ తువ్వాలు మేమే అనుకో అమ్మా" అన్నాను. ఆ పోలిక నాకే ఎంతో నచ్చింది. ఆ సంతోషంలోనే తరువాతి గడికి వెళ్లాను.

"సంస్థ అంట. నాకేం సంస్థ ఉండాది సార్?"

"గడి ఖాళీ వదలకూడదమ్మా. నాయన పేరు, ఊరు రాయి."

మా వైపు ఏ దరఖాస్తయినా అంతే. రేషను కార్డు కానీ, బోరుకు కరెంటు కానీ, ఒక్క గడి ఖాళీగా ఉంటే కిటికీలో నుంచి కాగితం వెనక్కి వస్తుంది. తండ్రి పేరూ ఊరూ లేని మనిషి కాగితం మీద మనిషి కాదు. గడి కనిపించగానే నింపే చేయి నాది. పిల్లల పరీక్ష దరఖాస్తులు పదకొండేళ్లు అలాగే దిద్దాను. నిజానికి ఆ గడిని ఖాళీగా వదిలితే ఆ ప్రోగ్రాం ఏమీ అనదు. తిరుపతికి వచ్చి, చందాదారుల కోసం తెలుగులో సూచనల పత్రం అచ్చు వేయించాను. అందులో ఏడో వాక్యం: ఏ గడినీ ఖాళీగా వదలరాదు.

ఇతరులు ఇవ్వనిది ఇవ్వాలన్నది నా ఉత్సాహం. తెలుగు పత్రం ఆ ఉత్సాహంలో నుంచే పుట్టింది. ఏమి ఇవ్వాలో కాగితం నిండా రాసుకున్నాను. ఏమి అడగకూడదో ఒక్క వాక్యం రాసుకోలేదు. అక్కరలేని తండ్రి పేరును అడిగి తీసుకుని, నా చేతులతోనే గోడకు అతికించాను.

పొగమంచును చూసి పొగ అనుకున్నవాడు నిప్పును కూడా చూసినట్టే మాట్లాడతాడు. ఇదీ నేను నేర్పిన పాఠమే.

"శుక్రవారమే నాకెందుకు చెప్పలేదు?"

"ఫోన్లో చెప్పేదా? నీ కాగితానికి నువ్వే చిల్లి పెట్టినావని? రెండు దినాలు అన్నం తినవు నువ్వు. నాకు తెలీదా?"

అందులో స్నేహం ఉంది. నేను దానిని పట్టుకోవచ్చు. కానీ మిగిలిన కోపం దానికంటె ముందు లేచింది.

"నాకు కాకపోతే ఆమెకు చెప్పాల్సింది. శుక్రవారం తెలిసి ఉంటే శనివారం ఆ తోటలో కాయ కోసేవాళ్లా? ట్రాక్టరు కట్టేవాళ్లా? నా అన్నం గురించి ఆలోచించినావు. ఆ ఐదు దినాల ఎండ గురించి ఆలోచించినావా కుప్పయ్యా?"

కుప్పయ్య కుళాయి దగ్గరకు వెళ్లి చాలాసేపు చేయి కడుక్కున్నాడు.

తిరిగి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. ఓబయ్య తగవుకు రాలేదట. ఆ ముప్పై ఎనిమిది ఉత్తరాలూ గోడ మీద నుంచి తీసేయమన్నాడట. తీసేస్తే ట్రాక్టరు లోపలికి వస్తుంది, అంగడి తాళం తీస్తారు, పైగా హైవే మీది మూడు ఫ్యాక్టరీలూ మా దగ్గరే లైన్లు తీసుకుంటాయి.

"రద్దు చేసే ఆర్డరు ఒగటి ఉండాది గదా, అది కొట్టేస్తే సరి. పేరూ పోతాది, పీడా పోతాది. బెంగళూరు కాపీలు గూడా శానా మటుకు పోతాయి. నేను కొట్టలే. నువ్వు వస్తే అడిగి కొడదామని ఉంటిని."

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడయింది.

పంకజాక్షి చెప్పులు గడప అవతల విడిచి లోపలికి వచ్చింది. చేతిలో తువ్వాలు మూట. నమస్కారం పెట్టలేదు. మూటను తెచ్చి బల్ల మీద, నా కాగితం పైనే పెట్టి ముడి విప్పింది. మూడు బెంగళూరా కాయలు. ఒకటి పగిలింది. మిగిలిన రెండూ నల్లబడి, వేలు పెడితే దిగేటట్టు ఉన్నాయి. పుల్లని వాసన ఏసీ గదిని నిమిషంలో నింపింది. రసం తువ్వాలులో నుంచి కాగితం మీదికి దిగింది.

"నాయన పంపినాడు. మీ ఆఫీసులో పెట్టి రమ్మన్నాడు. ఆయన రాలే. ట్రాక్టరు వదిలి యాడికీ రానంటా ఉండాడు."

"కూర్చోమ్మా" అన్నాడు కుప్పయ్య.

"కూర్చునేకి రాలేదన్నా." ఆమె నా వైపే చూస్తున్నది. "గేటు కాడ మా నాయనను ఏమన్నారో తెలుసునా సార్? నీ కూతురే పెద్ద కాటా గదప్పా, ఆమె చేతనే తూకం ఏయించుకో పో అన్నారు. డెబ్బై ఏండ్ల మనిషిని. ఎనక ఇరవై ట్రాక్టర్లు ఉండాయి. ఒగరూ నోరెత్తల. దినామూ నా రాత చదివించుకునేటోళ్లే అందరూ. తల తిప్పుకున్నారు." ఆమె గొంతు వణకలేదు. అది వణికి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. "నేను ఒగటే అడగను వచ్చినా. ఎవరు చెప్పినారు?"

కుప్పయ్య నా చెవికి దగ్గరగా వచ్చాడు. "సర్వర్లో తప్పు జరిగిందని చెప్పు. మిషను మీద పెట్టు. మిషను ఏడవదు."

"ఏందన్నా గుసగుస?"

"ఏం లేదుమే. మిషన్లో ఏదో..."

"నేను ఆయన్ని అడగతా ఉండా."

ఎర్ర పెన్సిలు చుట్టు ఉన్న ప్రతిని ఆమె చేతికి ఇచ్చాను. "ఎవరూ చెప్పలేదు. నేను రాయించినాను. మార్చిలో, మీ అంగడిలో, ఈ గడి. ఇది ప్రతి ఉత్తరంతోనూ బయటికి పోతుందని నాకు తోచలేదు. తోచవలసింది. ఆ పని తెలిసినవాణ్ణి నేను, మీరు కాదు."

ఆమె చదివింది. తండ్రి పేరు మీద బొటనవేలు పెట్టింది.

"ఖాళీ వదలకూడదమ్మా అన్నారు" అంది. "నాకు జ్ఞాపకం ఉండాది. నాకేం సంస్థ అని నేను నవ్వినా. మీరు నవ్వలే." కాగితం కింద పెట్టింది. "తువ్వాలు అన్నారు సార్ మీరు. నేను ఇంటికి పోయి నాయనకు చెప్పినా, ఆ సారు తువ్వాలు మాదిరి అడ్డం ఉంటారంట అని. అందుకే ఆయన దీంట్లో మూట కట్టి పంపినాడు. ఇది ఆయన భుజం మీది తువ్వాలు."

ఏ శిక్ష అయినా నాకు ఇంత సూటిగా తగిలేది కాదు. క్షమించమనడం నోటి దాకా వచ్చింది. అది అడగడం కూడా ఆమె నుంచి ఇంకొకటి తీసుకోవడమే. మానుకున్నాను.

బదులుగా, ఓబయ్య పంపిన మాట దాచకుండా చెప్పాను. ఉత్తరాలు తీసేస్తే ట్రాక్టరు లోపలికి పోతుంది. "నిర్ణయం నాది కాదు, ఈయనది కాదు. మీది. తీసెయ్యమంటే ఇప్పుడే తీసేస్తాను."

"అడిగినందుకు సంతోషం సార్. మార్చిలో అడగాల్సింది."

కుప్పయ్య తల దించుకున్నాడు.

ఆమె కిటికీ దగ్గరకు వెళ్లి వీధిలోకి చూసింది. తిరిగి వచ్చేసరికి ముఖం గట్టిపడింది.

"తీయొద్దు. తీస్తే ఓబయ్య ఏమంటాడు? అబద్ధాలు రాసింది, భయపడి తుడుచుకుంది అంటాడు. ముప్పై ఎనిమిది ఉత్తరాలంటే ముప్పై ఎనిమిది మంది చీటీలు. అసలు చీటీలు గేటు కాడ వాపసు తీసుకుంటారు వాళ్లు. అంగడిలో నేను ఉంచుకున్న జెరాక్సు కాపీలు తాళం ఎనక ఉండాయి. ఇంగ మిగిలింది మీ డిస్కులో ఉండేదే. సీజనంతా ఉంచుతామంటిరి గదా? ఆ ఒగ మాటన్నా నిలబెట్టుకోండి."

"కాయ పోతాదిమే" అన్నాడు కుప్పయ్య, మెల్లగా.

"కాయ పోయిందన్నా. సూడు, నీ ముందరే ఉండాది. ఇంగ దేనికి భయపడల్ల?" తరువాత నా వైపు తిరిగింది. "నా మాదిరి గడి నింపినోళ్లు ఇంకెందరు ఉండారు సార్?"

"నలభై ముగ్గురు."

"వాళ్లకు తెలుసునా?"

"తెలియదు."

"మీకు తెలిసి ఎంతసేపయింది?"

గోడ గడియారం చూశాను. "అరగంట."

"కుప్పయ్యన్నకు?"

అతను మోడెముల వైపు తిరిగాడు.

"ఆరు దినాలు" అన్నాను.

"బంగారుపాళ్యంలో ఎవరో ఒగ ఆడమనిషి గదా, ఆరు దినాలు ఏముంది. మిగిలినోళ్లకు ఎన్ని దినాలు కావల్ల సార్ మీకు?"

కోపంలో ఉన్నంతసేపూ మంచివాణ్ణేనని ఎందుకు అనిపిస్తుందో అప్పుడు తెలిసింది. కోపానికి ఎదుటి కుర్చీలో ఎప్పుడూ ఇంకొకడు ఉండాలి. ఆ కుర్చీ ఖాళీ అయినప్పుడు మిగిలే కోపానికి పని ఒక్కటే ఉంటుంది. అది చెయ్యాలి, వెంటనే.

నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను.

"ఏం చేస్తా ఉండావు?" అన్నాడు కుప్పయ్య.

"రాస్తున్నాను. నా పేరుతో."

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. తప్పులు దిద్దుకోలేదు. ‘సంధాన’ చందాదారులందరికీ. మీ పేర్లు దాచుతామని మాట ఇచ్చాము. మీ చేత తండ్రి పేరూ ఊరూ రాయించి, ప్రతి ఉత్తరంతోనూ బయటికి పంపాము. ఇది యంత్రం చేసిన తప్పు కాదు, నేను చేయించినది. ఈ క్షణమే ఆ గడిని ఖాళీ చేసుకోండి. ఎలాగో చెప్పడానికి ఈ రోజంతా ఫోను దగ్గర నేనే ఉంటాను. ఇంతవరకు మీరు రాసినవి ఉంచాలో తీసెయ్యాలో మీరే చెప్పండి. మీరు చెప్పేదాకా ఒక్కటీ చెరగదు. దీనివల్ల ఒక రైతు కాయ ఐదు రోజులుగా ఫ్యాక్టరీ గేటు దగ్గర కుళ్లుతున్నది. రేపు పొద్దున పది గంటలకు, ఈ సీజను తూకాల ఉత్తరాలన్నీ అచ్చు తీసుకుని, నేను ఆ ట్రాక్టరు పక్కన ఉంటాను.

పంకజాక్షి నా భుజం మీదుగా చదివింది.

"ఒగ రైతు అని రాయొద్దు. మునిరత్నం అని రాయండి. దాయను ఇంగేముంది? ఆ కింద నా పేరు గూడా పెట్టండి. కాటా వద్దు."

"నాయనను అడగనవసరం లేదా?"

ఆమె మొదటిసారిగా నన్ను కొంచెం వేరే విధంగా చూసింది. "పొద్దున అడిగే వచ్చినా."

రాశాను.

కుప్పయ్య లేచాడు. "గిరీ, ఇది పోతే వెనక్కి రాదు. బెంగళూరు పోతాది, ఆడ్నుంచి యాడికి పోతాదో దేవుడికి తెలుసు. ఫ్యాక్టరీవాళ్లు మన గడప తొక్కరు. నలభై మూడు మంది వచ్చి నీ చొక్కా పట్టుకుంటారు."

"పట్టుకోవాలి."

"నా చొక్కా గూడా పట్టుకుంటారు అబ్బా! నా ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన మిషన్లు ఇవి. నన్ను అడిగినావా?"

అది న్యాయమైన ప్రశ్న. నేను అడగవలసి ఉండి అడగనివారిలో అతను రెండోవాడు. "ఇప్పుడు అడుగుతున్నాను" అన్నాను. అతను గోడ దగ్గరకు నడిచి, మెయిన్ స్విచ్ మీద చేయి వేసి నిలబడ్డాడు.

పంపే ముందు ఆ ప్రోగ్రాం ఒకసారి వివరాలు చూపిస్తుంది. పేరు: గిరిప్రసాద్. చిరునామా. దాని కింద మూడో గడి.

"సార్" అంది పంకజాక్షి.

ఆమె వేలు తెర మీద ఆగింది.

"మీది ఖాళీగా ఉండాది గదా."

ఉంది. ఏడాదిగా ఉంది. అక్కడ ఏమీ రాయనవసరం లేదని నాకు మొదటి రోజు నుంచే తెలుసు. నా వరకు తెలుసు. కుప్పయ్య కూడా తెర వైపు మెడ చాచాడు. చేయి మాత్రం స్విచ్ మీదనే ఉంచాడు.

నేను ఆ గడిలో మా నాయన పేరు కొట్టాను. కేరాఫ్ చెంగల్రాయులు. పక్కన మా ఊరు కొట్టాను, ఐరాల. బెంగళూరుకు ఉత్తరాలు గంటకొకసారి పోతాయి. ఆ గంట కోసం కాచుకోకుండా నా చేత్తోనే లైను కలిపాను. మోడెము కూసింది. అర మీద దీపం ఒకటి ఎర్రగా వెలిగి, పచ్చబడింది.

కుప్పయ్యను చూడకుండా మీట నొక్కాను.